పదకొండు గుప్పెళ్ళ ఇసుక

ఫోను మోగేసరికి ఆసియా చేతులు మోచేతుల దాకా చింతగింజల జిగురులో ఉన్నాయి. మోగి మోగి ఆగిపోయింది. వెంటనే మళ్ళీ మోగింది. రెండోసారీ అదే పేరు. జయలక్ష్మి పిన్నిగారు.

ఆవిడ ఆ టైములో ఫోను చెయ్యకూడదు. భర్త శివరామయ్య పక్కన కారులో కూర్చుని రేపల్లె నుంచి బాపట్ల వెళ్తూ ఉండాలి. మధ్యాహ్నం మూడింటికి బాపట్లలో నాటక పరిషత్తు పోటీలు. అందులో శివరామయ్య దుర్యోధనుడు.

ఆసియా గుడ్డకి చెయ్యి తుడుచుకుని ఫోను ఎత్తింది.

అవతలి గొంతు బాగా తగ్గి ఉంది. దారిలో టీ కోసం కారు ఆపారని, ఆయన కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడని, రెండు నిమిషాలే ఉన్నాయని చెప్పింది. ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది.

“ఇవాళ రాయబారంతో ఆపట్లేదంట. గదాయుద్ధం కూడా వేస్తానని ఒప్పుకున్నాడు. నాకు ఇప్పుడే చెప్పాడు.”

ఆసియా చేతిలో గుడ్డ బల్ల మీద పెట్టింది.

“వింటున్నావా? చివర్లో గద కింద పడాలి కదా.”

“పడాలి పిన్నిగారూ.”

“పడితే?”

పడితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. దిండు పడ్డట్టు పడుతుంది. హాల్లో ఎవడో ఒకడు నవ్వుతాడు. ఆ గదలో ఏమీ లేదని, దాన్ని పట్టుకున్న మనిషికి తెలిసిపోతుంది. అది తెలిసిన క్షణంలో, ఎనిమిది నెలలుగా ఈ ఇద్దరూ ఆయన దగ్గర దాచిపెట్టిన రెండో సంగతి కూడా తెలిసిపోతుంది.

గోడ మీద గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

*

తెనాలి మారిస్‌పేటలోని ఆ పెంకుటింటి వర్క్‌షాపు ఆసియా తండ్రి నబీ సాహెబ్‌ది. నలభై ఏళ్ళపాటు చుట్టుపక్కల పద్యనాటకం ఆడినవాళ్ళకి కిరీటాలు, భుజకీర్తులు, గదలు ఆయనే చేసిచ్చాడు. పాత దినపత్రికలు, చింతగింజల జిగురు, వెదురు, ఎండిన సొరబుర్రలు, అద్దం ముక్కలు, బంగారు రంగు రేకు. ఇంతకు మించి ఆ ఇంట్లో సరుకు ఉండేది కాదు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు పెళ్ళి మండపాలకి నెమళ్ళు, ఏనుగు తలలు చేస్తూ, మధ్యమధ్యలో నాటకాల పని కూడా ఆసియా చూసుకుంటోంది.

నబీ సాహెబ్‌కి ఒక పద్ధతి ఉండేది. వస్తువు చేతికిచ్చేటప్పుడు లోపల ఏముందో నటుడికి చెప్పి ఇవ్వాలి. కిరీటంలో వెదురు ఎక్కడుందో, మేకు ఎక్కడుందో, గద ఎంత తూగుతుందో అన్నీ చెప్పాలి. ఒంటి మీద ఏం మోస్తున్నాడో తెలియని నటుడు స్టేజీ మీద దెబ్బ తింటాడని ఆయన భయం.

అందరూ తేలిక గద అడిగితే శివరామయ్య ఒక్కడే బరువుది కావాలనేవాడు. తేలిక గద పట్టుకుంటే తన భుజం అబద్ధమాడుతుందని, ముందు వరసలో కూర్చున్న రైతులకి అది దొరికిపోతుందని అనేవాడు. ఆయన కూడా రైతే. బస్తా ఎత్తేవాడి భుజం ఎలా వంగుతుందో బాగా తెలిసినవాడు. అందుకని నబీ సాహెబ్ పెనుమూడి రేవు నుంచి కృష్ణ ఇసుక తెప్పించి, ఎండబెట్టి, సొరబుర్ర నిండా కూరి మూడున్నర కిలోల గద చేశాడు. అలాంటివే రెండు చేశాడు. ఒకటి శివరామయ్యకి. రెండోది నమూనాగా వర్క్‌షాపు గోడకి.

ఎనిమిది నెలల కిందట శివరామయ్య కిరీటం వదులైందని తెచ్చాడు. ప్రతి నటుడి తల కొలతా ఒక దారానికి ముడివేసి, పేరు రాసి, మేకుకి తగిలించి ఉంచడం ఆ ఇంటి అలవాటు. ఆసియా ఆయన దారం తీసి తల చుట్టూ తిప్పింది. ముడి దాకా రాకుండానే చుట్టు పూర్తయి వేలెడు దారం మిగిలింది. రెండోసారి తిప్పింది. అంతే మిగిలింది. ఆమె తలెత్తి చూసేసరికి గుమ్మంలో నిలబడ్డ జయలక్ష్మి ఆమెనే చూస్తోంది.

ఆ మర్నాడు జయలక్ష్మి ఒక్కతే రేపల్లె బండి ఎక్కి వచ్చింది. కాలేయంలో గడ్డ అని గుంటూరులో డాక్టర్లు చెప్పారట. ఏడాది కూడా కష్టమన్నారట. ఆయనకి మాత్రం కామెర్లు ముదిరాయని చెప్పారు. చెప్పమన్నది జయలక్ష్మే. ఆయన అన్నగారికి ఇలాంటి జబ్బే వస్తే డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఆ మనిషి ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుని తొమ్మిదో రోజు పోయాడు. దంపతులకి పిల్లలు లేరు. ఆవిడకి ఉన్నది ఆయన ఒక్కడే.

“నాటకం మానితే మంచం ఎక్కుతాడు. మంచం ఎక్కితే ఇక దిగడు,” అంది జయలక్ష్మి. “గద ఎత్తలేకపోతున్నాడు అమ్మాయ్. మొన్న రేపల్లెలో చెయ్యి వణకడం చూశాను. బరువు తగ్గించు. ఆయనకి తెలియకూడదు.”

ఆసియా తండ్రి పద్ధతి గుర్తుచేసుకుంది. ఆ తర్వాత ఆవిడ మొహం చూసింది. సరేనంది.

ఒక్కసారిగా తగ్గిస్తే తెలిసిపోతుంది. అందుకని ప్రతి నాటకం ముందు మెరుగు పెట్టడానికి గద వర్క్‌షాపుకి వచ్చినప్పుడల్లా పిడి దగ్గర లక్క ఊడదీసి ఒక గుప్పెడు ఇసుక తీసేది. ఖాళీలో బూరుగు దూది కూరేది. మళ్ళీ లక్క పోసి పైన బంగారు రేకు అంటించేది. తీసిన ఇసుక పారబొయ్యడానికి మనసొప్పక ఒక రేకు డబ్బాలో పోసి బల్ల కింద పెట్టింది.

ఆయన ఒంట్లో శక్తీ, గద బరువూ కలిసి తగ్గుతూ వచ్చాయి. ఆరో గుప్పెడు తీశాక శివరామయ్య వర్క్‌షాపులోనే గద తిప్పి చూపించాడు.

“చూశావా అమ్మాయ్, మీ నాన్న గద పువ్వులా తిరుగుతోంది. మందులు పనిచేస్తున్నాయి.”

ఆసియా తల వంచుకుని అద్దం ముక్కలు అతికించింది.

వాళ్ళు ఊహించనిది అక్కడే మొదలైంది. తనకి నయమవుతోందని ఆయన నమ్మాడు. నమ్మి, అయిదేళ్ళ కిందట మోకాళ్ళ నొప్పులతో మానేసిన గదాయుద్ధం రంగాన్ని మళ్ళీ ఒప్పుకున్నాడు. రాయబారంలో గద భుజం మీదే ఉంటుంది, దింపినా చేత్తో దింపుతాడు. అందుకే అది కింద పడటం గురించి ఆడవాళ్ళిద్దరూ ఒక్కసారీ ఆలోచించలేదు.

*

ఇసుక తిరిగి నింపితే ఆయన ఎత్తలేడు. నింపకపోతే పడినప్పుడు తెలిసిపోతుంది. ఆసియా గోడ మీదికి చూసింది. నమూనా గద అక్కడే ఉంది. మూడున్నర కిలోలు, గింజంత ఇసుక కూడా తగ్గలేదు.

మేకు నుంచి దాన్ని దింపి గోనెసంచిలో వేసింది. మరో ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది. పన్నెండూ పావుకి స్టేషన్లో ఉంది.

ప్యాసింజరు బండి ఆలస్యంగా వచ్చింది. ఆడవాళ్ళ పెట్టెలో ఎదుటి సీటు ముసలావిడ సంచిని కాలితో తట్టి, లోపల ఏంటమ్మా, గుమ్మడికాయా అని అడిగింది.

“గదండి.”

“ఆడాళ్ళ పెట్టెలోకి గద ఎందుకే తల్లీ, మా నోళ్ళు చాలవా?”

పెట్టంతా నవ్వింది. ఆసియా కూడా నవ్వాలని చూసింది. మొహం సహకరించలేదు. బండి నిడుబ్రోలులో ఆగి, ఎక్స్‌ప్రెస్ దాటేదాకా కదలనంది. పది నిమిషాలు. ఇరవై. ముప్పై అయిదు. దిగి ఆటో ఎక్కుదామని ఆమె సంచి ఎత్తేసరికి బండి కదిలింది.

బాపట్ల హాలు వెనక తలుపు దగ్గర ఆటో దిగేసరికి మూడూ ఇరవై. లోపల శివరామయ్య గొంతు వినిపిస్తోంది. రాయబారం సగం అయిపోయింది. గొంతు మాత్రం తగ్గలేదు. పక్కతెర సందులోంచి చూసింది. చెక్కల స్టేజీ. పైన పలచటి తివాచీ. నల్ల మీసం, ఎర్ర పట్టు, రంగు కింద ఎక్కడా కనిపించని పసుపు మొహం. భుజం మీద గద. ఆయన భుజం నిజంగానే మూడున్నర కిలోలు మోస్తున్నట్టు వంగి ఉంది.

భీముడు వేషం శాలేమురాజుది. బాపట్లలోనే బ్యాటరీల కొట్టు నడుపుతాడు. గదలేకుండా బయటికొచ్చి బీడీ కాలుస్తున్న అతన్ని పక్కకి లాగి ఆసియా మొత్తం చెప్పింది. జబ్బు పేరు కూడా చెప్పింది. చెప్పకపోతే అతను సాయం చెయ్యలేడు.

శాలేమురాజు బీడీని గోడకి రాసి ఆర్పేశాడు.

“నేను ఆయన్ని ఎట్టా కొట్టేది చెల్లెమ్మా ఇప్పుడు?”

“ఎప్పట్లాగే కొట్టండన్నా. తగలకుండా. కాకపోతే మధ్యలో కాదు, ఎడంపక్కకి తెచ్చి కొట్టండి. పక్కతెర దగ్గరికి.”

రంగానికీ రంగానికీ మధ్య అయిదు నిమిషాలు తెర వేశారు. శివరామయ్య కుర్చీలో కూలబడి జయలక్ష్మి ఇచ్చిన మజ్జిగ తాగుతున్నాడు. ఆ కాస్త సమయంలో ఆసియా ఖాళీ గోనెసంచిని కుళాయి కింద తడిపి, పిండి, ఎడంపక్క తివాచీ కింద పరిచింది. దాని మీద పడితే ఖాళీ గద ఎగరదు, దొర్లదు. చప్పుడు సంగతి తను చూసుకుంటుంది. ఆయన గద నేల తాకిన క్షణంలోనే, పక్కతెర వెనక చెక్కల మీద తను తెచ్చిన గద వదలాలి. ముందూ కాదు, వెనకా కాదు.

తెర లేచింది.

యుద్ధం నాలుగు నిమిషాలు. ఆసియా గదని రెండు చేతులతో గుండెల ఎత్తున పట్టుకుని నిలబడింది. మొదటి నిమిషం తేలిగ్గానే గడిచింది. రెండో నిమిషంలో భుజాలు పీకడం మొదలుపెట్టాయి. మూడో నిమిషంలో చేతులు వణికాయి. ఇంత బరువుని ఈ మనిషి అరవై ఏళ్ళ వయసులో, గంటన్నర నాటకంలో, పద్యం పాడుతూ తిప్పేవాడు. అందులోంచి ఒక్కో గుప్పెడూ తీసినప్పుడు ఆమె ఈ లెక్క ఎప్పుడూ వేసుకోలేదు.

శాలేమురాజు ఎడంపక్కకి అడుగులు వేశాడు. శివరామయ్య వెనక్కి తగ్గుతూ వచ్చాడు. తెర సందులో ఆయన వీపు, చెమటకి తడిసిన పట్టు. భీముడి గద లేచింది. తబలా ఒక్క దెబ్బ. శివరామయ్య ఒక మోకాలు, తర్వాత రెండో మోకాలు వంచి ఒరిగిపోయాడు. ఆయన చేతిలోంచి గద జారింది.

ఆసియా వదిలేసింది.

ధన్‌మంది హాలు. ముందు వరసలో ఎవరో పైపంచె నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరూ నవ్వలేదు. ఒక్కరికీ అనుమానం రాలేదు. ఆసియా గుండెల్లోంచి ఊపిరి బయటికొచ్చింది.

అప్పుడు కిందికి చూసింది.

ఎప్పుడూ స్టేజీ మధ్యలో, జనం వైపు మొహంపెట్టి పడే మనిషి, శాలేమురాజు పక్కకి తేవడంతో, ఇవాళ తల తెరవైపు పెట్టి పడ్డాడు. తెర సందుకి మూరెడు దూరంలో ఆయన మొహం ఉంది. కళ్ళు తెరిచి ఉన్నాయి. ఆసియా కాళ్ళ దగ్గర పడి ఉన్న గదని చూశాయి. తన చేతి పక్కన చప్పుడు లేకుండా పడి ఉన్న గదని చూశాయి. మళ్ళీ ఇటు తిరిగి ఆమె ఖాళీ చేతుల మీద ఆగాయి.

పడిపోయాక దుర్యోధనుడికి ఒక పద్యం ఉంది. హార్మోనియం శ్రుతి ఇచ్చింది. ఆయన అందుకోలేదు. రెండోసారి ఇచ్చింది. అందుకోలేదు. హాలు నిశ్శబ్దంగా ఉంది. నటన అనుకున్నారు. మూడోసారి ఆయన మెల్లగా మొహం జనం వైపు తిప్పుకుని పద్యం ఎత్తుకున్నాడు. చివరి పాదం దాకా ఎక్కడా గొంతు చెదరలేదు.

ఆ రోజు ఉత్తమ నటుడి బహుమతి ఆయనకే ఇచ్చారు. పడిపోయాక పట్టిన ఆ మౌనం ఇంకెవరికీ చేతకాదని న్యాయనిర్ణేతల్లో ఒకరు మైకులో మెచ్చుకున్నారు.

*

మేకప్ గదిలో శివరామయ్య కిరీటం తియ్యలేదు. గదని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. బొటనవేలి గోటితో పిడి దగ్గర బంగారు రేకు గీకాడు. లక్క పెళ్ళలుగా రాలింది. రెండు వేళ్ళు లోపల పెట్టి లాగాడు. తెల్లటి దూది వచ్చింది. ఇంకా లాగాడు. ఇంకా వచ్చింది. ఒళ్ళోంచి కిందికి జారి నేల మీద పోగయింది.

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఎనిమిది నెలల నుంచి బాబాయిగారూ,” అంది ఎదురుగా నిలబడ్డ ఆసియా.

ఆయన దూది వంక చూస్తూ లెక్కవేసుకున్నాడు.

“అయితే కామెర్లు కావు.”

జయలక్ష్మి మజ్జిగ ఫ్లాస్కు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతిలో మూత తిప్పుతూ ఉంది.

“గద చేసే పిల్లకి చెప్పావు జయా,” అన్నాడాయన. కోపంగా అనలేదు. “నాకు చెప్పలేదు.”

ఆ తర్వాత రెండు రోజులు ఆయన భార్యతో మాట్లాడలేదని ఆసియాకి ఫోన్లో తెలిసింది. కానీ గోడవైపు తిరిగి పడుకోలేదు. అన్నం తిన్నాడు. మూడో రోజు పొద్దున్నే లేచి చేలో మోటారు దగ్గరికి జయలక్ష్మిని తీసుకెళ్ళి స్టార్టరు వెయ్యడం నేర్పించడం మొదలుపెట్టాడు. ఇంటి కాగితాలన్నీ మంచం మీద పరిచి ఏది ఏంటో చెప్పాడు. కాకుమానులో ఉన్న చెల్లెలితో పదేళ్ళుగా మాటల్లేవు. ఆమెకి కబురు పంపాడు. ఆమె వచ్చేసరికి ఆయన కూర్చుని మాట్లాడే స్థితి దాటిపోయింది. ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళతోనే చెప్పాల్సి వచ్చింది.

అంతకు ముందు ఒకరోజు ఆయనే ఆసియాకి ఫోను చేశాడు. తీసిన ఇసుక ఉందా, పారబోశావా అని అడిగాడు. ఉందంటే తెమ్మన్నాడు.

ఆసియా రేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని రేపల్లె బండిలో వెళ్ళింది. శివరామయ్య అరుగు మీద మడతమంచంలో ఉన్నాడు. బాపట్ల తర్వాత రంగు లేకుండా ఆ మొహం చూడటం ఆమెకి అదే మొదలు. డబ్బా పక్కన పెట్టి మూత తీసింది. ఆయన చెయ్యి లోపలికి పెట్టాడు. మణికట్టు దాకా మునిగింది.

“నీ గుప్పెడా, నా గుప్పెడా?”

“నాదేనండి.”

“ఎన్ని?”

“పదకొండు.”

ఆయన ఒక గుప్పెడు పైకి తీశాడు. వేళ్ళు సరిగ్గా మూసుకోలేదు. సందుల్లోంచి ఇసుక అరుగు మీదికి కారింది. కారుతుంటే చూస్తూ ఉన్నాడు.

“ఇంత తగ్గానా నేను?”

ఆసియా ఏడ్చింది. తప్పయిందని, నాన్న ఉంటే చెప్పి ఉండేవాడని అంది. ఆయన ఆమెని ఊరుకోమనలేదు. తప్పు లేదని కూడా అనలేదు. నయమవుతోందని నమ్మి తను చెల్లెలికి కబురు పంపడం వాయిదా వేశానని మాత్రం చెప్పాడు. వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాడట.

లోపల జయలక్ష్మి గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

ఆయన వేళ్ళకి అంటిన ఇసుక దులుపుకున్నాడు. “గద కూడా తీసుకెళ్ళు. నా తర్వాత ఇదంతా మళ్ళీ అందులో పొయ్యి. ఎవరడిగితే వాళ్ళకివ్వు. లోపల ఏముందో చెప్పి ఇవ్వు. మీ నాన్న అట్టాగే ఇచ్చేవాడు.”

బాపట్ల నాటకం తర్వాత ముప్పై నాలుగో రోజున శివరామయ్య పోయాడు. జయలక్ష్మి ఫోను చేసి ఒక్క మాట చెప్పి పెట్టేసింది. ఆ తర్వాత ఆసియా ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. సంవత్సరీకానికి వెళ్ళినప్పుడు మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని, అన్నం పెట్టి, మోటారు తనే వేస్తున్నానని చెప్పింది.

*

శివరామయ్య పోయిన మర్నాడు ఆసియా ఆయన గద, కిరీటం ముందేసుకుని కూర్చుంది. మిగిలిన దూది లాగేసింది. డబ్బాలోంచి గుప్పెడు గుప్పెడుగా ఇసుక పోసి, వెదురుపుల్లతో కూరి, లక్క పోసింది. కిరీటం వదులు కాకుండా తను లోపల అతికించిన మూడు పొరల బనాతు గుడ్డ ఊడదీసింది. దారానికున్న ముడి విప్పి, పేరు రాసిన చీటీతో పాటు దాచింది.

వచ్చే నెల నాటకానికి చీరాల వైపు రామాపురం నుంచి ఒక కుర్రనటుడు వచ్చాడు. గద కావాలన్నాడు. ఆసియా గోడ మీది నమూనా కాకుండా శివరామయ్యదే తెచ్చి చేతికిచ్చింది. ఇస్తూ లోపల ఏముందో చెప్పింది. సొరబుర్ర, కాగితం పొరలు, వెదురు పిడి, పెనుమూడి ఇసుక. మూడు కిలోల నాలుగు వందల గ్రాములు.

కుర్రాడి మణికట్టు కిందికి వంగింది. “బాగా బరువుందండి. కొంచెం తీసెయ్యకూడదా?”

“తియ్యను బాబూ.”

అతను రెండో చెయ్యి కూడా వేసి ఎత్తుకున్నాడు. ఆసియా జిగురు గిన్నె ముందుకి లాక్కుని పనిలో పడింది. ఆ గద ఒకప్పుడు మూడున్నర తూగేది. తగ్గిన వంద గ్రాములు రేపల్లె అరుగు మీద, ఆ వేళ్ళ సందుల్లోంచి పోయాయి. వాటి బదులు వేరే ఇసుక పొయ్యడానికి ఆమెకు చెయ్యాడలేదు.